సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

కేసీ కాలువకు నీళ్లొచ్చాయంటే నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో దమ్ముకు తొందర. సరిగ్గా అప్పుడే 20 ఏళ్ల ట్రాక్టరు మొండికేస్తుంది.

సెల్ఫ్ మూలుగుతూ తిరిగితే ముందు బ్యాటరీ చూడండి. టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, గట్టిగా బిగించండి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా బండి అందుకోవడం లేదా? పొగగొట్టం చూడండి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి పోతోంది, మండటం లేదు. ఈ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు కదా. గాలిని 16, 17 రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. రింగులు అరిగితే అంత వేడి రాదు. అది మెకానిక్ పని.

పొగే లేదంటే డీజిల్ అందడం లేదు. స్టాప్ నాబ్ లోపలికి తోశారా? నవ్వకండి, ఇంజన్ విప్పబోయి ఆగిన వాళ్లున్నారు! అదీ సరిగానే ఉంటే, లైనులో గాలి పట్టినట్టే. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీట చేత్తో కొట్టండి. మొదట బుసబుసమని నురగ, తర్వాత బుడగలు వస్తాయి. బుడగల్లేని ధార పడగానే, మీట కొడుతూనే స్క్రూ బిగించండి. అప్పటికీ అందుకోకపోతే గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు కాస్త వదిలి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్మగానే బిగించండి. అక్కడ మాత్రం వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

రోజూ గాలి పడుతుంటే బ్లీడింగ్ స్క్రూ కింది పాత వాషరు మార్చి చూడండి.