మాండొలిన్ కొనుటకు ముందు

తమ పదేండ్ల కుమార్తె మాండొలిన్ నేర్చుకొనగోరుచున్నదనియు, క్రొత్తది కొనవలెనో పాతది కొనవలెనో తెలుపవలసినదనియు ఒక తండ్రి మాకు ఉత్తరము వ్రాసినారు. ప్రశ్న చిన్నదే. కాని ఈ విషయమున పొరపాటు జరిగినచో నష్టపోవునది ధన మొక్కటియే కాదు. ఆ సంగతి మేము అనుభవముచేత నెరుగుదుము.

కళాశాలలో చదువుకొను రోజులలో, కూడబెట్టిన డబ్బుతో మేమొక పాత మాండొలిన్ కొంటిమి. దాని వార్నీషు అద్దమువలె మెరయుచుండెను. ఆ మెరుపునకే మురిసితిమి. ఇంటికి తెచ్చి సాధన మొదలిడగా తీగను మెట్టుపై నొక్కుటయే గగనమయ్యెను. వ్రేళ్లు కాయలు కాచినవి. పై మెట్లపై ఎంత శ్రమించినను అపస్వరములే పలికినవి. ఏడాది గడచిన పిమ్మట, సంగీతము మా నుదుట వ్రాసిలేదని నిశ్చయించుకొని దానిని అటక యెక్కించితిమి. చాలకాలమునకు మా యింటికి వచ్చిన ఒక వయొలిన్ విద్వాంసులు దానిని చేత బట్టుకొని, ఒక కన్ను మూసి మెడవెంట చూపు సారించి, “నాయనా, తప్పు నీ వ్రేళ్లది కాదు. దీని మెడ విల్లువలె వంగియున్నది” అనిరి. అప్పటికి నేర్చుకొను వయస్సును, తీరికయు రెండును దాటిపోయినవి. కనుక నేడు మేము చెప్పదలచిన దొక్కటే: వాద్యమును కంటితో గాక చేతితోను, చెవితోను కొనవలెను.

మాండొలిన్ ఇటలీ దేశమున పెరిగిన వాద్యము. తీగలు ఎనిమిది, జంటలుగా నాలుగు వరుసలు. పాశ్చాత్యులు వయొలిన్‌కు కూర్చు శ్రుతియే దీనికిని. మ్రోగు తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు మాత్రమే. ఇంత పొట్టి తీగపై బ్రిడ్జి కొంచెము జరిగినను స్వరము తప్పును. ఒక్క వ్రేలితో రెండేసి తీగలను నొక్కవలసియుండుటచే, అవి కొంచెము ఎత్తుగా నున్నను లేత వ్రేళ్లు ఓర్వజాలవు.

కావున మొదట నేర్చుకొనువారికి సామాన్యమైన క్రొత్త వాద్యము చాలును. ముందుపలక ప్లైవుడ్‌దైనను చింత లేదు. అది గాలిలోని తేమకు త్వరగా పగులదు. అంగడిలోనే రెండు పరీక్షలు చేయవలెను. 12వ మెట్టు వద్ద తీగకును మెట్టునకును నడుమ ఎడము రెండు మిల్లీమీటర్లకు మించరాదు. పిమ్మట ఖాళీ తీగను మీటి దానిని షడ్జముగా భావించి, అదే తీగను 12వ మెట్టుపై నొక్కి మీటవలెను. తారషడ్జము నిక్కముగా పలుకవలెను. పలుకకున్న భయపడ నక్కరలేదు. బ్రిడ్జి అతికించినది కాదు, తీగల బిగువుచే నిలుచునది. తెలిసినవారు దానిని జరిపి సరిచేయగలరు. ఆ పని చేసి యిచ్చువాని వద్దనే కొనవలెను.

రెండు మూడేండ్లు సాధన చేసినవారికి అఖండమైన స్ప్రూస్ చెక్కతో ముందుపలక చేసిన వాద్యము కావలెను. వాడుకలో ఆ చెక్క నాదము విచ్చుకొనును. పాతవి కొనుట లాభించునది ఇచ్చటనే. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ వయొలిన్ తీరున పలకను చెక్కి చేసిన మాండొలిన్‌కు 1898లో పేటెంటు పొందెను. నేడు పెక్కురు వాడు ఎ, ఎఫ్ నమూనాలు ఆ సంప్రదాయమునుండి వచ్చినవే. ఎఫ్ నమూనాకు గల శంఖమువంటి చుట్ట ఖరీదును పెంచునంతగా నాదమును పెంచదు. మితముగా వ్యయము చేయువారికి ఎ నమూనాయే మేలు.

పాతదానిలో కొన్ని దోషములు సాధ్యములు, కొన్ని అసాధ్యములు. తుప్పు పట్టిన తీగలు, వదులైన బిరడాలు, అరిగిన బ్రిడ్జి మార్చవచ్చును. అరిగిన మెట్లు మార్చుటకు కూలి హెచ్చు. ఆ మేరకు ధర తగ్గింపవలెను. మెడ వంగినను, బ్రిడ్జి క్రింద పలక కుంగినను, ఎంత చౌకయైనను వదలివేయుటయే మంచిది. వ్రేలి కణుపుతో పలకను మెల్లగా తట్టి వినవలెను. గరగర వినిపించినచో లోపలి బద్దె ఊడియుండవచ్చును. సొరకాయబుర్రవంటి వీపు గల పాత ఇటలీ వాద్యములు చూడముచ్చటగా నుండును. కాని వాని పలక సుకుమారమైనది. నేటి బరువైన తీగలు బిగించినచో కుంగిపోవును.

కర్ణాటక సంగీతము వాయింపదలచిన ప్రౌఢ విద్యార్థుల అవసరము వేరు. జంట తీగలను లాగి గమకము పలికించుట కష్టము. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను గ్రహించి, జంటలు మాని ఐదు ఒంటి తీగలు అమర్చుకొనిరి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున కచేరి చేసిన ఆ బాలుడు, 2014లో కన్నుమూయునాటికి ఈ వాద్యమునకు మన సంగీతమున శాశ్వత స్థానము కల్పించెను. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయింపరు; వారు పాడగా శిష్యుడు వాయించెడివాడు. వాద్యము విద్యకు లొంగినదే గాని విద్య వాద్యమునకు లొంగలేదు. అట్టి వాద్యము కొనగోరువారు దానిని యంత్రమునకు కలిపి మ్రోగించి, హోరు లేదని రూఢి చేసికొని, ఒక దీర్ఘగమకము తెగక నిలుచునో లేదో చూడవలెను.

ఉత్తరము వ్రాసిన తండ్రిగారికి మా సమాధానము: ఇప్పటికి క్రొత్తదే కొనుడు, ఖరీదైనది వలదు. గురువును వెంట తీసికొని పొండు. అమ్మాయిని కూడ తీసికొని పోయి, ఆమె చేతనే ప్రతి మెట్టును నొక్కించుడు. ముఖము చిట్లించినచో మరియొకటి చూడుడు. ఆమె ఏనాడైన సాధన మానుకొనదలచినను, ఆ నిర్ణయము ఆమెది కావలెను గాని, వంగిన మెడది కారాదు.

సెలవు.