సున్నపు నేలల్లో హ్యూమిక్ ఆమ్లం విడిపించే భాస్వరం ఏది?

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ ఆచార్యుడి బోధననూ శిష్యకోటినీ ఈ వేదిక మీద ఏటా కొనియాడుతూనే ఉన్నారు కనుక, ఆయన దస్తూరి ఎవరికీ కొరుకుడు పడేది కాదనీ, అంకెలు మాత్రం విడివిడిగా, స్పష్టంగా వేసేవారనీ చెబితే ఆ వరుస పూర్తవుతుంది. ఇక్కడ ఎత్తుకుంటున్న వివాదం కూడా ఒక అంకెను గురించినదే.

ఉదజని సూచిక 8 దాటి, సున్నపు గులకలున్న నల్లరేగళ్లలో వేసిన సూపర్ ఫాస్ఫేటు గానీ డీఏపీ గానీ కాల్షియంతో కూడి మొదట డైకాల్షియం ఫాస్ఫేటుగా, పిదప ఆక్టాకాల్షియం ఫాస్ఫేటుగా, క్రమంగా దాదాపు కరగని అపటైటు దిశగా మారుతుందన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. హ్యూమిక్ పదార్థాలు కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి, లేదా లియోనార్డైటు అనే ఆక్సీకరణ చెందిన లిగ్నైటు నుంచి క్షార ద్రావణంతో రాబట్టే ముదురు గోధుమరంగు సమ్మేళనాలు. ఆ ద్రావణాన్ని ఆమ్లీకరిస్తే అడుగున పేరుకునేది హ్యూమిక్ ఆమ్లం, కరిగి ఉండిపోయేది ఫల్విక్ ఆమ్లం. నేలలో అవి నిజంగా ఆ రూపంలోనే ఉన్నాయా అని 2015లో లేమన్, క్లేబర్ లేవనెత్తిన ప్రశ్న పెద్దదే గానీ, డబ్బాలో కొనితెచ్చే పొటాషియం హ్యూమేటు విషయంలో దాన్ని పక్కన పెట్టవచ్చు.

అసలు పేచీ, నేలలో ఏళ్లుగా బిగుసుకుపోయిన భాస్వరాన్ని హ్యూమిక్ ఆమ్లం విడిపిస్తుందన్న ప్రచారంతో. 1988లో ఇన్‌స్కీప్, సిల్వర్‌టూత్, 1991లో గ్రాస్ల్, ఇన్‌స్కీప్ ప్రయోగశాలలో చూపింది వేరు: సేంద్రియ అణువులు కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికం పెరిగే చోట్లను ఆక్రమించి, ఆ పెరుగుదలను అడ్డుకుంటాయి. అది జాప్యమే గానీ విడుదల కాదు. స్పెయిన్ సున్నపు నేలల మీద 2002లో డెల్గాడో బృందం ప్రచురించిన పత్రం చెప్పింది కూడా కొత్తగా వేసిన భాస్వరంలో తిరిగి లభించే వంతు గురించే. శీర్షికలోనే ఎరువు అన్న మాట ఉన్నా, దాన్ని పాత నిల్వలకు సాక్ష్యంగా ఉదాహరించేవారికి కొదవ లేదు. ఇక మోతాదు సంగతి. ఎకరా పొలంలో 15 సెంటీమీటర్ల పై పొర మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో 2 కిలోల హ్యూమేటు కలిస్తే కిలో మట్టికి చేరేది 2 మిల్లీగ్రాముల పైచిలుకు మాత్రమే కాగా, అర శాతం సేంద్రియ కర్బనమున్న బీద నేలలో సైతం కిలోకు 5,000 మిల్లీగ్రాముల కర్బనం ముందే ఉంటుంది.

ప్రతిపక్షం వారు పెరిగిన లభ్య భాస్వరం అంకెను చూపుతారు. సేంద్రియ పదార్థం వల్ల భాస్వరం పెరిగినట్టు కనిపించడానికి కారణం తరచు ఆ పదార్థంలోని భాస్వరాన్నే లెక్కలోకి తీసుకోకపోవడమని 2005లో గప్పీ, ఆయన సహచరులు తేల్చారు; వారి సమీక్ష భాస్వరాన్ని బాగా పట్టుకునే నేలలకు సంబంధించినదే తప్ప ప్రత్యేకించి సున్నపు నేలలది కాదన్న ఆక్షేపణ న్యాయమే అయినా, లెక్కలోని లోపం ఏ నేలలోనైనా లోపమే. పైగా 1954 నాటి ఓల్సెన్ పద్ధతిలో మట్టిని కలిపేది 8.5 ఉదజని సూచిక గల సోడియం బైకార్బనేటు ద్రావణంలో. ఆ క్షారతకు హ్యూమేటు కరిగి ద్రావణానికి గోధుమరంగు పడుతుంది, మాలిబ్డినం నీలిరంగు కోసం ఆమ్లం కలపగానే హ్యూమిక్ ఆమ్లం తరకలు కట్టి మసక ఏర్పడుతుంది, ఆ మసకను సరిదిద్దకపోతే పరికరం దాన్ని కూడా భాస్వరంగానే చదువుతుంది. బొగ్గుపొడితో రంగు తీసేసే ప్రయోగశాలలు ఆ పొడిలోనే భాస్వరముందేమో చూశాయా అన్నది మరో ప్రశ్న.

అందువల్ల వక్త ప్రస్తుతం చేపట్టిన పనిలో హ్యూమేటును పొలమంతా చల్లకుండా, సూపర్ ఫాస్ఫేటుతో కలిపి విత్తనం పక్కన సన్నని పట్టీగా వేయడం జరుగుతోంది. అక్కడ మాత్రమే దాని గాఢత స్ఫటికాలను అడ్డుకునే స్థాయికి చేరే అవకాశముంది. రేడియోధార్మిక భాస్వరం 32తో గుర్తుపెట్టిన ఎరువు వాడితే మొక్కలోకి వచ్చినది ఎరువుదా, పాత నిల్వదా అన్నది వేరు చేయవచ్చు గానీ, దాని అర్ధజీవితకాలం సుమారు 14 రోజులే కావడంతో కొలతలన్నీ పైరు తొలిదశలోనే ముగించవలసి ఉంటుంది. పోల్చే మడికి హ్యూమేటులో ఉన్నంత పొటాషియాన్నీ భాస్వరాన్నీ విడిగా ఇవ్వడం ఈ పనిలో తప్పనిసరి షరతు. ఆ జాగ్రత్త లేని ఫలితాలను, అవి ఏ పక్షానికి అనుకూలించినా, పట్టికలో చేర్చడం లేదు.