ట్యాంకు నిండినా ఆగని మోటారు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన బడి డాబా మీద నీళ్ల ట్యాంకు గుర్తుందా? అది నిండి, నీళ్లు గోడ వెంట కారుతుంటే మనం క్లాసులోంచి అరిచేవాళ్లం. అటెండరు పరుగెత్తి మోటారు ఆపేవాడు. ఇంజనీరునయ్యాక అలాంటి ట్యాంకులకు ఫ్లోట్ స్విచ్చులు నేనే పెట్టించాను. నా ఒంట్లోనూ ఒక మోటారు ఆగకుండా తిరుగుతోందని మాత్రం చాన్నాళ్లు తెలియలేదు.

నలభై రెండో ఏట బీపీ 170/110 అన్నారు. ఉప్పు తగ్గించాను. నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లినా మిర్చిబజ్జీ ముట్టలేదు. ఒక మాత్ర మూడయ్యింది, బీపీ దిగలేదు. నాంపల్లి స్టేషన్ మెట్లెక్కుతుంటే పిక్కలు పట్టేసేవి. పొటాషియం తక్కువని రెండుసార్లు రిపోర్టు వస్తే కొబ్బరినీళ్లు తాగమన్నారు, అంతే. ఆరేళ్ల తర్వాత ఒక డాక్టరుగారు అవన్నీ కలిపి చూసి, రెనిన్, ఆల్డోస్టిరాన్ పరీక్షలు రాశారు.

ఆ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఫిజియాలజీ పుస్తకం ఒకటి కొన్నాను. అందులోని బొమ్మ అచ్చం మన కంట్రోల్ సర్క్యూటే! కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాల గోడల్లో కొన్ని కణాలున్నాయి. పీడనం తగ్గితే అవి రెనిన్ వదులుతాయి. దాంతో రక్తంలో యాంజియోటెన్సిన్ తయారై, కిడ్నీ నెత్తిన టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథికి కబురు పెడుతుంది. ఆ గ్రంథి ఆల్డోస్టిరాన్ పంపుతుంది. అది కిడ్నీ కణాల చేత ఉప్పును వెనక్కి లాగిస్తుంది. ఉప్పు వెంట నీరు వస్తుంది, పొటాషియం బయటికి పోతుంది. పీడనం పెరగగానే రెనిన్ తగ్గాలి, దాంతో ఆల్డోస్టిరానూ తగ్గాలి.

నాకు రెనిన్ దాదాపు లేదు, ఆల్డోస్టిరాన్ మాత్రం ఎక్కువ. అంటే ఫ్లోట్ ఆపమంటోంది, స్టార్టర్ అతుక్కుపోయింది. ఎడమ అడ్రినల్‌లో బఠాణీ గింజంత గడ్డ. ఇది కొత్త జబ్బు కాదు. 1954లో అమెరికాలోని మిచిగన్‌లో డాక్టర్ జెరోమ్ కాన్ తన దగ్గరికి వచ్చిన 34 ఏళ్ల మహిళలో దీన్ని గుర్తించారు. అందుకే కాన్ సిండ్రోమ్ అంటారు.

రెండు వైపుల సిరల నుంచీ రక్తం తీసి, తప్పు ఎడమవైపుదేనని తేల్చుకుని, ఆ గ్రంథిని కీహోల్ ఆపరేషన్‌తో తీసేశారు. రెండు గ్రంథుల్లోనూ తేడా ఉంటే ఆపరేషన్ కాదు, స్పిరోనోలాక్టోన్ వంటి మాత్రలిస్తారు. నాకిప్పుడు పొటాషియం సరిగా ఉంది, బీపీకి ఒక్క మాత్ర చాలు. అన్నేళ్ల ఒత్తిడికి రక్తనాళాలు గట్టిపడకుండా ఉంటే అదీ అక్కర్లేకపోయేదేమో.

మా బ్యాచ్‌లో ఒకడు ఇవాళ లేడు. పక్షవాతంతో పోయాడు. వాడికున్నది ఇదే జబ్బని నేననను. వాడు ఏనాడూ బీపీ చూపించుకోలేదన్నది మాత్రం నిజం.

అందుకే చెబుతున్నాను. చిన్న వయసులోనే బీపీ వచ్చినా, మూడు మాత్రలకూ లొంగకపోయినా, పొటాషియం తగ్గినా, "రెనిన్, ఆల్డోస్టిరాన్ చూడాలా?" అని డాక్టరునడగండి. మాత్రలు మీ అంతట మీరు మానకండి. డాక్టర్లయిన మన మిత్రులు భోజనాల హాలు గుమ్మం దగ్గర బీపీ మిషన్‌తో కూర్చున్నారు. ముందు అక్కడ చెయ్యి చాపండి, తర్వాత విస్తరి ముందు కూర్చుందాం.