కడుపు పోయిన మనిషికి కావలసింది నింద కాదు, వైద్యం, విశ్రాంతి

(షోలాపూర్ మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగం)



ఈ రోజు బోనసు సంగతి పక్కనబెట్టి, మన ఇళ్ళలో గుసగుసగా చెప్పుకొనే విషయం ఒకటి మాట్లాడదలిచాం. కండెలు చుట్టే మన ఆడవాళ్ళు, తువ్వాళ్ళు కుట్టే మన ఆడవాళ్ళు కొందరు కడుపు పోయినా ఎవరికీ చెప్పక మూడోనాడే పనిలోకి వస్తున్నారు. కూలి పోతుందన్న భయం ఒకటి, నలుగురూ ఏమంటారోనన్న భయం ఒకటి.

సాధారణంగా 20 వారాల లోపు గర్భం పోతే గర్భస్రావం అంటారు. గర్భమని తెలిసిన ప్రతి 100 మందిలో 10 నుంచి 20 మందికి ఇలా జరుగుతుంది. ఎక్కువగా మొదటి 12 వారాల్లోనే. అందులో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల. అదుపు తప్పిన షుగరు, థైరాయిడ్, మలేరియా, పొగాకు, గర్భసంచి లోపాలు కూడా కారణం కావచ్చు. మెట్లెక్కిందనీ, గ్రహణం చూసిందనీ కోడలిని ఆడిపోసుకోవడం అన్యాయం.

అన్నీ ఒకే రకం కావు. రక్తం కనబడినా ఒక్కోసారి గర్భం నిలుస్తుంది. కొంత లోపల మిగిలితే అసంపూర్ణ గర్భస్రావం. అంతా బయటపడితే సంపూర్ణం. రక్తం కనబడకుండానే పిండం లోపల చనిపోవడం మరో రకం. ఏదైనదీ తేల్చేది డాక్టరు పరీక్ష, స్కానింగు. దాన్నిబట్టి కొన్నాళ్ళు కనిపెట్టి చూస్తారు, లేదా మాత్రలిస్తారు, లేదా గర్భసంచి శుభ్రం చేస్తారు. రక్తం గ్రూపు నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షను అవసరమా అని అడగండి.

రక్తం ఆగకుండా పోతున్నా, జ్వరం, దుర్వాసన ఉన్నా, కళ్ళు తిరిగినా, పొత్తికడుపులో ఒకపక్క తీవ్రంగా నొప్పి వచ్చినా షిఫ్టు అయ్యేదాకా ఆగవద్దు. వెంటనే దవాఖానాకు తీసుకుపోవాలి.

ఇక హక్కు సంగతి. గర్భస్రావమైతే జీతంతో 6 వారాల సెలవు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌ కూడా దాన్ని నిలిపింది. దానివల్ల జబ్బు చేస్తే మరో నెల వరకు ఇవ్వాలి. అర్హత ఉన్న ఈ.ఎస్.ఐ. కార్డుదారులకు భృతి అక్కడే వస్తుంది. ఆ సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. అయితే రుజువు కావాలి. డాక్టరు చీటీలో వట్టి కడుపునొప్పి అని కాక, గర్భస్రావం అనే రాయించండి. సిగ్గుపడితే నష్టం మనకే.

మగ సభ్యులకు మా విజ్ఞప్తి: భార్యను తోడుండి దవాఖానాకు తీసుకుపోండి, చీటీ యూనియన్ ఆఫీసుకు తెండి. యాజమాన్యంతో మాట్లాడే పని మేము చూస్తాం.