రాచపుండు శాంతించిన పిమ్మట మందు పొడిగింపవలెనా?



నేను ప్రస్తావింపబూనిన విషయము మన సభలలో సాధారణముగా వినబడునది కాదు. స్త్రీల అండాశయమునకు వచ్చు రాచపుండు, అనగా క్యాన్సరు, కడుపుబ్బరమనియు అజీర్ణమనియు కొన్నాళ్లు గడపి, ముదిరిన పిదపగాని తఱచుగా బయటపడదు. శస్త్రచికిత్సయు, ఇంచుమించు ఆఱు విడతల కీమోథెరపీయు జరిగిన తరువాత పెక్కుమందికి పరీక్షలలో వ్యాధి కానరాదు. కాని వారిలో పలువురకు అది కొంతకాలమునకు మరల తలయెత్తును. కావుననే, ఇంకొక యేడాది మందెక్కించినచో రాకుండునా యను ప్రశ్న పుట్టినది.

ఈ ప్రశ్న నిరాధారము కాదు. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి యాజమాన్యమున అమెరికాలో లెడర్లీ సంస్థవారు తయారుచేసిన అమినోప్టెరిన్, పిల్లల రక్తక్యాన్సరును శాంతింపజేసినట్లు 1948లో వెల్లడియయ్యెను. ఆ శాంతి నిలువలేదు. తరువాతి వైద్యులు, వ్యాధి శాంతించిన పిమ్మటకూడ ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేటును మఱియొక మందుతో కలిపి రెండేండ్లకు పైగా ఇచ్చి, ఎందఱో బిడ్డలను దక్కించుకొనిరి. అక్కడ పొడిగింపు ఫలించినది. ఇక్కడనో?

2003లో ప్రకటింపబడిన యొక అమెరికా పరిశోధనలో, పాక్లిటాక్సెల్ అను మందును నెలకొకమారు 3 విడతలు పొందినవారికి వ్యాధి తిరుగక నిలిచిన కాలము మధ్యస్థముగా 21 నెలలు. 12 విడతలు పొందినవారికి 28 నెలలు. కాని ఆయుర్దాయము పెరిగినట్లు తేలలేదు. వేయిమందికి పైగా స్త్రీలపై జరిగి 2022లో వెలువడిన పరిశోధనయు ఆ మాటయే చెప్పెను. నష్టమో, చేతివ్రేళ్లును అరికాళ్లును తిమ్మిరియెక్కి మొద్దుబారును. మన మెట్టసీమలో మిరపకాయ కోసి, ప్రత్తి తీసి బ్రదుకు స్త్రీకి వ్రేళ్ల స్పర్శ పోవుట యననేమో మీకు నేను చెప్పనక్కఱలేదు.

వ్యాధి లేని ఆ యేడు నెలలు వట్టివి కావని వాదించువారు కలరు. కూతు పెండ్లి చూడగోరు తల్లికి అవి కొండంత. కనుకనే నిర్ణయము రోగిదే కావలెను. ఆమెకు తెలియనీయక ఆసుపత్రి వరండాలో కొడుకులును అల్లుండ్రును తీర్మానించు మన యాచారము నాకు సమ్మతము కాదు.

ఇటీవల మార్గము మాఱినది. బి.ఆర్.సి.ఏ. జన్యువులలో లోపము గలవారికి రెండేండ్లవఱకు ఒలాపరిబ్ మాత్రలిచ్చిన పరిశోధన 2018లో వెలువడెను. ఏడేండ్ల పిమ్మట, మాత్రలు పొందినవారిలో నూటికి 67 మందియు, పొందనివారిలో ఇంచుమించు 47 మందియు జీవించియున్నట్లు తరువాత లెక్కకట్టిరి. లోపము లేనివారికి ఇంత మేలు కానరాదు. కావున మందు పొడిగించుటకు ముందు జన్యుపరీక్ష యావశ్యకము. ఈ లోపము తల్లినుండియే కాదు, తండ్రినుండియు బిడ్డలకు దిగును. ఆడుబిడ్డలకు రొమ్ము క్యాన్సరు భయమును గలదు. వియ్యములు తప్పిపోవునని దీనిని దాచు కుటుంబములు మనలో లేవా? దాచిన రహస్యము కూతు ప్రాణము మీదికి వచ్చును.

మన సంఘనిధి విద్యార్థివేతనములకు వినియోగపడుచున్నది, సంతోషమే. అందు కొంత యేటేట ఈ పరీక్షకును, బెజవాడకో హైదరాబాదుకో పోవు రోగుల ప్రయాణవ్యయమునకును ప్రత్యేకింపవలెనను తీర్మానము నేటి యపరాహ్ణమున సభ యెదుటకు రానున్నది. దానిని బలపఱచుచు, నాకొసగిన కాలము మీఱకుండ విరమించుచున్నాను.