ఇంజన్ మార్చినంత మాత్రాన బండి మారదు
(లింగాల ఘనపూర్‌లో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి విత్తనం గురించో, ధర గురించో కాకుండా బండి గురించి మాట్లాడమని సంఘం పెద్దలు చెప్పారు. కారణం మీకు తెలిసిందే. దేవాదుల నీళ్లు నవాబుపేట రిజర్వాయరుకు వచ్చిన తర్వాత మన మండలంలో వరి పెరిగింది. వడ్లు పెరిగితే మోత పెరిగింది. ట్రాక్టర్ లేని ఇంట్లో పాత పికప్ ఒకటి ఉంటుంది. దానికి పెద్ద బండి ఇంజన్ వేయిస్తే ఎట్లుంటుంది అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మేము వేయించాం. అందుకే మమ్మల్ని ఇక్కడ నిలబెట్టారు.

మేమంటే మూడు కుటుంబాలం. మూడిళ్లకు కలిపి ఒకటే పికప్. పద్నాలుగేళ్ల బండి. వానాకాలంలో వడ్లు ఐకేపీ సెంటర్‌కు, పత్తి జనగామకు, మిగతా రోజుల్లో ఎరువులు, దాణా, కూరగాయలు. నిండు బరువుతో పొలం బాట నుంచి రోడ్డెక్కేటప్పుడు బండి ఏడ్చేది. నల్లపొగ, ఆయిల్ తాగుడు. మెకానిక్ చూసి ఇంజన్ అయిపోయిందన్నాడు. కొత్త బండికి అప్పు, మిత్తి తలచుకుంటే భయం. పాత సామాన్ల దుకాణంలో అంతకంటే పెద్ద బండి ఇంజన్ దొరికింది. చవక అనిపించింది. తెచ్చాం.

ఇంజన్ మార్చడం మన దగ్గర కొత్త కాదు. పెట్రోల్ ధర భరించలేక పెట్రోల్ జీపులకు డీజిల్ ఇంజన్లు వేయించుకున్న రోజులు ఇక్కడి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అమెరికా లాంటి దేశాల్లో పాత పికప్‌కు పెద్ద ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిళ్లు ఎక్కించడం కొందరికి సరదా. వాళ్ల బండి నెల రోజులు షెడ్డులో ఉన్నా వాళ్లింట్లో పొయ్యి ఆరదు. మన సంగతి అది కాదు. వడ్లు కల్లంలో ఉండి, మబ్బు పట్టి, బండి షెడ్డులో ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

మేము చేసిన మొదటి తప్పు ఇంజన్ ఒక్కటే మార్చడం. గేర్‌బాక్సు పాతది, వెనుక యాక్సిల్ పాతది. మొదటి వారం బండి గుర్రంలా ఉరికింది. మూడో వారం క్లచ్ ప్లేటు కాలింది. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ యూజే క్రాసు పోయింది. ఒకరోజు వడ్లతో బురదలోంచి రోడ్డు మీదికి ఎక్కిస్తుంటే వెనుక యాక్సిల్ షాఫ్ట్ ఫట్ మని తెగింది. బండి వెనక్కి జారింది. వెనుక మనిషి లేడు కాబట్టి ఈరోజు మీ ముందు ఇట్లా మాట్లాడుతున్నాం.

ఎందుకు తెగిందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పాత ఇంజన్ తిప్పే బలం 200 న్యూటన్ మీటర్లు అనుకోండి. మొదటి గేరు దాన్ని నాలుగింతలు చేస్తే 800. క్రౌన్ పినియన్ మళ్లీ నాలుగింతలు చేస్తే 3200. వెనుక యాక్సిల్ మీద పడేది అది. ఇంజన్ బలం 300 అయితే అదే లెక్కన 4800. ఇంజన్ దగ్గర పెరిగింది వందే. చక్రాల దగ్గరికి వచ్చేసరికి పదహారు వందలు. కంపెనీ ఆ షాఫ్టును పాత లెక్కకే చేసింది. ఖాళీ బండి అయితే చక్రం జారి షాఫ్ట్ బతికిపోతుంది. నిండు బరువు మీద చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు తిరిగే బలం అంతా షాఫ్ట్ మీదే పడుతుంది. మన బండి ఎప్పుడూ నిండు బరువు మీదే ఉంటుంది కదా.

సరే, అయితే గేర్‌బాక్సు, యాక్సిళ్లు కూడా పెద్దవే వేద్దాం అనుకున్నాం. అది రెండో మెట్టు. అక్కడ పని ఒకటి ముట్టుకుంటే పది లేచాయి. గేర్‌బాక్సు పొడవు వేరు కాబట్టి కింది క్రాస్ మెంబర్ కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చి బ్యాలెన్స్ చేయించాలి. లేకపోతే కొంత వేగం దాటగానే బండి వణుకుతుంది. యాక్సిల్ వెడల్పు వేరు, కమాన్ పట్టీలు కూర్చునే చోటు వేరు. ముందు ఇంజన్ బరువు పెరిగింది కాబట్టి ముందు కమాన్లు కుంగాయి, స్టీరింగ్ బరువెక్కింది. పాత రేడియేటర్ ఆ వేడికి చాలలేదు. క్రౌన్ పినియన్ లెక్క మారింది కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపించింది. మేము నలభైలో ఉన్నామనుకుంటే బండి ఇంకా ఎక్కువలో ఉంది.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకు. డీజిల్ బండిలో బ్రేకు పెడల్ తేలిగ్గా పడేది వ్యాక్యూమ్ బూస్టర్ వల్ల. ఆ వ్యాక్యూమ్ ఇచ్చే చిన్న పంపు చాలా బండ్లలో ఆల్టర్నేటర్ వెనుక ఉంటుంది. ఇంజన్ మార్చినప్పుడు ఆ పంపు సరిగా కలపకపోతే, పైపు లీకైతే, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఎంతో బలంగా తొక్కితే తప్ప బండి ఆగదు. ఇంకో లెక్క వినండి. నలభై వేగంలో ఉన్న బండిని ఆపడానికి, అరవై వేగంలో ఉన్న బండిని ఆపడానికి తేడా ఒకటిన్నర రెట్లు అనుకుంటాం. కాదు, రెండుంపావు రెట్లు. వేగాన్ని వేగంతోనే హెచ్చవేయాలి. బరువు కూడా రెట్టింపైతే అది నాలుగున్నర రెట్లు అవుతుంది. సూర్యాపేట రోడ్డు మీద మనకు ఎదురొచ్చే లారీకి ఈ లెక్కలు తెలియవు.

ఇంత చేసేసరికి ఖర్చు లక్షన్నర దాటింది. అప్పుడు కాగితాల సంగతి గుర్తొచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు రవాణా బండికి ప్రతి ఏడాది ఫిట్‌నెస్ చేయించాలి. మా బండి అక్కడ ఆగింది. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉన్నది కాదు. తప్పు వాళ్లది కాదు, మాదే.

చట్టం ఏమంటుందో చెప్తాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేట్లు యజమాని బండిని మార్చకూడదు. ఇంజన్ మారితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని కూడా అందులోనే ఉంది. బండి అప్పు మీద ఉంటే అప్పు ఇచ్చినవాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కూడా కావాలి. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణతో చట్టంలోకి 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని అది చెప్తుంది.

జరిమానా చిన్న విషయం. ఇన్సూరెన్సు పెద్ద విషయం. చెప్పకుండా బండి మార్చిన సంగతి ప్రమాదం తర్వాత బయటపడితే, మన బండికి రావాల్సిన పరిహారం ఆపడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది. సరుకు బండిలో సరుకు యజమానిని, అతని ప్రతినిధిని తప్ప ఊరికే ఎక్కించుకున్నవాళ్లను బీమా కాపాడదు. మనం నాటు వేయడానికి కూలీలను ఇవే బండ్లలో తీసుకుపోతున్నాం. 2018 జూన్‌లో పక్క జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు. దానికి ఇంజన్ మార్పుతో సంబంధం లేదు. కానీ సరుకు బండిలో మనుషులున్నప్పుడు ఏం జరుగుతుందో అక్కడ కళ్లారా చూశాం. అట్లాంటి బండికి బలం పెంచి, బ్రేకు పెంచకపోతే ఎట్లా?

ఇక అసలు మాట. మేము పెద్ద ఇంజన్ ఎందుకు వేయించాం? ఎక్కువ మోయాలని. మోసే హక్కు పెరిగిందా? తగ్గింది. ఎట్లాగో చూడండి. మొత్తం బరువు ఇంత దాటకూడదని ఆర్‌సీలో ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది సరుకు. 1250 కిలోల సరుకుకు అనుమతి ఉన్న బండి అనుకుందాం. 40 కిలోల వడ్ల బస్తాలు ముప్పై ఒకటి పడతాయి. పెద్ద ఇంజన్, గేర్‌బాక్సు, యాక్సిళ్లతో ఖాళీ బండి బరువు 250 కిలోలు పెరిగితే సరుకుకు మిగిలేది 1000. అంటే ఇరవై ఐదు బస్తాలు. లక్షన్నర పెట్టి ఆరు బస్తాలు పోగొట్టుకున్నట్టు. అంతకుమించి వేస్తే అది ఓవర్‌లోడే. కింద యాక్సిల్ ఎంత లావుదైనా అంతే. పత్తికైతే బండి బరువు కంటే ముందు జాగానే నిండిపోతుంది. దానికి పెద్ద ఇంజన్ పెద్దగా అక్కరకు రాదు.

మరి పాత బండి ఉన్నవాళ్లం ఏం చేయాలి? మేము నేర్చుకున్నది ఇది.

ఒకటి. ఇంజన్ పోయిందని ఎవరైనా అంటే ముందు కంప్రెషన్ చూపించండి. ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు, డీజిల్ పంపు, క్లచ్ జారుడు, పట్టుకుపోయిన బ్రేకులు, టైర్లలో గాలి, ఇవన్నీ చూసిన తర్వాతే ఇంజన్ విప్పండి. రోగం ఒకచోట, మందు ఒకచోట కావద్దు.

రెండు. ఇంజన్ నిజంగా అరిగితే బోరింగ్ చేయించి అదే ఇంజన్‌ను బాగు చేయించండి. మార్చక తప్పకపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజన్ తీసుకోండి. ముందుగా రవాణా శాఖ అనుమతి అడగండి. అమ్మినవాళ్ల బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి కాగితాలు తీసుకోండి. నంబరు గీకేసిన ఇంజన్ ఎంత చవకైనా ముట్టుకోకండి. దొంగ సామాను కేసు మన మెడకు చుట్టుకుంటుంది.

మూడు. ఇంజన్ దించిన రోజే క్లచ్, బ్రేకు లైనర్లు, వ్యాక్యూమ్ పంపు, కమాన్ పట్టీలు చూపించండి. ఇన్సూరెన్సు వాళ్లకు మార్పు సంగతి రాసి ఇవ్వండి.

నాలుగు. బరువు ఎక్కువైతే ట్రిప్పులు పెంచండి, బస్తాలు కాదు. అయినా సరిపోకపోతే నాలుగు ఇళ్లు కలిసి ఆ బరువుకు తగిన బండినే తీసుకోండి, లేదా కిరాయికి పెట్టుకోండి.

ఇవన్నీ రైతు ఒక్కడి తెలివితో తీరే సంగతులు కావు. కొనుగోలు కేంద్రంలో కాంటా ఆలస్యమైతే, లారీలు రాక కేంద్రం నిండిపోతే, మన బండి అక్కడే వరుసలో నిలబడుతుంది. రోజుకు మూడు ట్రిప్పులు వేయాల్సిన బండి ఒక్కటే వేస్తే, ఆ ఒక్కదాంట్లోనే అంతా కుక్కాలనిపిస్తుంది. పొలం బాటలు సరిగా ఉంటే చిన్న ఇంజనే లాగుతుంది. అందుకని సంఘం తరఫున మనం అడగాల్సినవి ఉన్నాయి. కేంద్రాల్లో కాంటా, లారీల రాక సమయానికి జరగాలి. వానాకాలం పంటకు ముందే పొలం బాటలకు మొరం పోయాలి. అదే రకం ఇంజన్ మార్చుకునే రైతుకు ఎన్ని రోజుల్లో అనుమతి ఇస్తారో రాసి పెట్టాలి. యంత్రాలు కిరాయికిచ్చే కేంద్రాల్లో నాగళ్లు, రోటవేటర్లతో పాటు చిన్న సరుకు బండ్లు కూడా ఉండాలి.

మా బండి సంగతి అడుగుతారు. పెద్ద ఇంజన్, యాక్సిళ్లు దించి నష్టానికే అమ్మేశాం. పాత ఇంజన్ ఇంకా షెడ్డు మూలన పడి ఉంది. బోరింగ్ చేయించి అదే ఎక్కించాం. పెట్టిన దాంట్లో సగం డబ్బు పోయింది. ఇప్పుడు బండి ముప్పై ఒక్క బస్తాలే మోస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు కొంచెం ఏడుస్తుంది. కానీ ఫిట్‌నెస్ ఉంది, బీమా ఉంది, తొక్కితే ఆగుతుంది. మా పిల్లలు అందులో ఎక్కి బడికి పోతామంటే మాత్రం ఇప్పటికీ వద్దంటాం, ఎందుకంటే అది సరుకు బండి.

మీలో ఎవరైనా ఇంజన్ కోసం బయానా ఇచ్చి ఉంటే, మిగతా డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఆర్‌సీ తీసి ఆ బరువు లెక్క చూడండి. చదవడం రాకపోతే సంఘం ఆఫీసుకు తెండి, కలిసి చూద్దాం. సెలవు.