పేర్లు రాసే చెయ్యి తన లెక్క రాసుకోవాలె

(ఎల్బీనగర్‌లో పెయింటర్లు, అడ్డా కూలీల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా రోడ్డుకు రెండు దిక్కులా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, బట్టల దుకాణాలు. ఎటు చూసినా బోర్డులే. ఆ బోర్డులు రాసే మనిషి గురించి మాట్లాడేవాళ్ళు లేరు. ఇవాళ అతని ఒక్క సంవత్సరం లెక్క చూద్దాం.

మా ఊరి తమ్ముడొకడు నల్లగొండ బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగిండు. పదో తరగతితో చదువు ఆగింది గాని, అక్షరం ముత్యం లెక్క ఉంటది. నెల జీతం లేదు, సేటు లేడు. ఎవరు పిలిస్తే వాళ్ళకు రాస్తడు. ‘నీకేంది, స్వతంత్రంగా బతుకుతున్నవ్’ అంటరు జనం. ఆ స్వతంత్రం ఎట్లుంటదో చూడుండ్రి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా బడులు, కోచింగ్ సెంటర్లు పిల్లల్ని చేర్చుకునే కాలం. మండుటెండలో నిచ్చెన మీద నిలబడి, సుద్ద దారంతో గీత కొట్టి, పొద్దుగూకే దాకా గోడలు రాస్తడు. జూలై, ఆగస్టుల్లో వానలు. తడిగోడ రంగు పట్టదు. పని ఆగుతది, ఇంటి కిరాయి ఆగదు. అప్పుడు మేస్త్రీ వెంట ఇండ్ల లోపలి గోడలకు రంగులేయబోతడు. దసరా ముందు దుకాణాల షట్టర్లు, రేకు బోర్డులు నాలుగు దొరుకుతయి. ఆ తర్వాత దొరికిన రోజు దొరికినట్టు. ఆటోనగర్‌లో లారీల మీద పేర్లు రాసుకుంట సంక్రాంతి దాటిస్తడు.

ఆ పని కూడా తరుగుతున్నది. ఫ్లెక్సీ వచ్చి గుడ్డ బ్యానర్‌ను మింగింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడిచింది. దాని స్తంభాల మీద ప్రకటనలకు కుంచె అక్కరలేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లే ఉండాలన్నరు. నంబర్లు రాసే పని పోయింది. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించిన్రు. కమిషన్ దుకాణాల బోర్డుల పని దాని వెంటే పోయింది. 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్లకన్నా పలచని ప్లాస్టిక్ బ్యానర్లను నిషేధించిన్రు. గుడ్డ బ్యానర్‌కు మళ్ళా గిరాకీ వస్తదని తమ్ముడు ఎదురుచూసిండు. రాలేదు.

ఒక కోచింగ్ సెంటరాయన నాలుగు గోడలు రాయించుకొని, ‘రిజల్టు రాంగనే ఇస్త’ అన్నడు. రిజల్టు వచ్చింది. ర్యాంకులు కూడా తమ్మునితోనే రాయించుకున్నడు. పైసలియ్యలేదు. అడిగితే రుజువేదన్నడు. ఊరందరి మాట గోడకెక్కించినవాడు తన కూలి మాట కాయితానికి ఎక్కించుకోలేదు!

కులం సంగతి వేరే చెప్పాల్నా? పేర్ల వెనుక రెడ్డి, చౌదరి, గుప్తా తోకలన్నీ పెద్దక్షరాలతో రాసేది మనోడే. ‘మీరేమిటోళ్ళు?’ అని అడిగి తెలుసుకున్నంక మనోనికి చాయ్ గ్లాసు మారుతది. అక్షరం వింటేనే నేరమని మన తాతలను దూరం పెట్టిన దేశంలో, ఇవాళ మన పిల్లగాడు రాస్తే బజారంతా చదువుతున్నది. ఇది చిన్న గెలుపు కాదు. కాని అక్షరం చేతికొచ్చినా కూలి లెక్క ఇంకా యజమాని నోట్లోనే ఉన్నది. దాన్ని గుంజుకోవాలె.

అందుకే ప్రతి పెయింటర్ జేబులో ఒక నోటుబుక్కు ఉండాలె. తారీఖు, జాగ, ఎన్ని చదరపు అడుగులు, ఎంత కూలి, పని చేయించుకున్నాయన సంతకం. సగం అడ్వాన్సు తీసుకోకుండా రంగు డబ్బా మూత తీయొద్దు. అయిపోయిన గోడను ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోవాలె.

రెండోది, భవన నిర్మాణ కార్మికులకు 1996లో చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏండ్ల లోపువాళ్ళు, 12 నెలల్లో 90 రోజులు ఆ పని చేస్తే సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చన్నది. 2020 కార్మిక కోడ్‌లో కూడా ఆ 90 రోజుల లెక్క ఉన్నది. ప్రసవం, ప్రమాదం, చావు వంటి కష్టాలకు ఆ బోర్డు సాయం ఉంటది. వానకాలంలో ఇండ్లకు రంగులేసిన రోజులు రాసిపెట్టుకుంటే, ఆ 90 అడగడానికి ఆధారం దొరుకుతది. రాసుకోకుంటే ఆ చెమటకు సాక్ష్యమే లేదు.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. ఆయన బొమ్మ ఊరూరా గీసిన చేతులు మనవి. ఆ చేతులతోనే మన పనిదినాలు రాసుకుందాం. ఒక్కడు అడిగితే గేటు బయట నిలబెడతరు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ పెయింటర్లంతా ఒక్క రేటు కట్టి, బాకీ పెట్టినోని గోడ ఎవ్వరూ రాయమంటే, బాకీ దానంతటదే నడిచొస్తది.

జై భీమ్!